తపస్సుకాలంలో ఆడవాళ్ల వాక్య కూడిక – 3వ పాఠం: ప్రశ్న వేయడం

మొదటి పాఠంలో, ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలంలో బైబిల్ కలిసి చదువుకునే ఈ కూడిక ఎక్కడ, ఎప్పుడు పెట్టుకోవాలో చూశాం. రెండో పాఠంలో వాక్యాన్ని నిదానంగా రెండుసార్లు చదివి, మధ్యలో రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా కూర్చోవడం అలవాటు చేసుకున్నాం. 12వ శతాబ్దపు కార్తూసియన్ సన్యాసి రెండో గీగో ఈ పద్ధతికి నాలుగు మెట్లు చెప్పాడు: చదవడం, మననం, ప్రార్థన, ధ్యానం. మొదటి మెట్టు ఎక్కాం, ఇప్పుడు మననం. ఒంటరిగా చదువుకునేవాళ్లకు మననం దానంతటదే సాగుతుంది. పదిమంది చాప మీద కూర్చున్నప్పుడు మాత్రం ఎవరో ఒకరు ప్రశ్న వేయాలి. ఆ ఒకరు మీరే అనుకుని చదవండి.

ముందు వేయకూడని ప్రశ్న చెప్తాను. "ఈ వాక్యం నుంచి మనం ఏం నేర్చుకోవాలి?" అని అడిగారంటే ఆ పూటకు కూడిక అయిపోయినట్టే. "ప్రార్థన చేయాలక్కా", "అందరినీ ప్రేమించాలక్కా" అంటారు. ఏ వాక్యం చదివినా ఇవే జవాబులు. ఆ తర్వాత అందరూ సిస్టరమ్మ మొహం వైపు చూస్తారు. పుస్తకం మూసేసి కూడా జవాబు చెప్పగలిగితే ఆ ప్రశ్న పనికిరాదు. జవాబు కోసం వేలు మళ్లీ వచనం మీదికి పోవాలి. నా లెక్కలో ఈ విద్యంతా ఇంతే.

ఈ వారం వాక్యం యోహాను 4వ అధ్యాయం, 5 నుంచి 42 వరకు: బావి దగ్గర నీళ్లకొచ్చిన సమరియా స్త్రీతో ప్రభువు మాట్లాడడం. పూజలో చదివే పఠనాలు ఏ, బి, సి అని మూడేళ్ల వరుసలో తిరుగుతాయి, 2026 అందులో 'ఏ' సంవత్సరం కాబట్టి తపస్సుకాలం మూడో ఆదివారం ఈ సువిశేషం వస్తుంది. ఆ ఆదివారం మార్చి 8, మహిళా దినోత్సవం కూడా. గుడిలో ఆ రోజు మైకులో శుభాకాంక్షలు చెప్తారు, సంతోషమే. కానీ ఒక సంగతి గమనించండి. ఈ సువిశేషానికి పూజలో చదవడానికి పొడుగు రూపం, పొట్టి రూపం అని రెండున్నాయి. పొట్టి రూపంలో భర్తల మాట ఉండదు. ఆమె కుండ వదిలేసి ఊళ్లోకి పోవడం ఉండదు. 39వ వచనంలో ఊరివాళ్లు నమ్మారని ఉంటుంది గానీ, ఆమె చెప్పిన సాక్ష్యం వల్ల నమ్మారన్న సగం ఉండదు. టైం కలిసొస్తుందని ఎక్కువసార్లు పొట్టిదే చదువుతారు. అందుకే కూడికలో మొత్తం చదవండి. ఆడవాళ్లం కూర్చుని చదివేటప్పుడు ఆ స్త్రీ చేసిన పనే తీసేసి చదవడం నాకు మనసొప్పదు.

చదివాక మొదటి ప్రశ్న మీరు వేయొద్దు. చదవడం రాని అవ్వ ఒకరు ఉంటారు కదా, ఆమెను కథ తిరిగి చెప్పమనండి. మిగతావాళ్లు పుస్తకం చూస్తూ వినాలి. వాక్యాన్ని చెవితోనే పట్టేవాళ్లకు వరుస బాగా గుర్తుంటుంది. వాళ్లు ఎక్కడ ఏమైనా కలిపారో, ఎక్కడ వదిలేశారో అక్కడే మంచి ప్రశ్న దొరుకుతుంది. మామూలుగా ఎవరు చెప్పినా "పాపం, ఊళ్లోవాళ్లు సూటిపోటి మాటలంటారని మిట్టమధ్యాహ్నం వచ్చింది" అని కలుపుతారు. అప్పుడు మెల్లగా అడగండి: "అవ్వా, ఆ మాట వాక్యంలో ఉందా, మనం కలిపామా?" వెతికితే 6వ వచనంలో వేళ మాత్రం ఉంటుంది, ఆమె ఆ వేళకే ఎందుకొచ్చిందో ఉండదు. మార్చి ఎండ ఎట్లుంటుందో కడపవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. "మీరైతే ఆ ఎండలో బిందె పట్టుకుని ఎందుకు పోతారు?" అనండి. ఇంటికి చుట్టాలొచ్చారని ఒకరు, పొద్దున కొళాయి రాలేదని ఒకరు, పనికి పోయి అప్పుడే వచ్చానని ఒకరు అంటారు. మైదుకూరు వైపు చెల్లెళ్లకు ఇది పసుపు పనుల కాలం, గోళ్ల సందుల్లో పసుపు అట్లనే ఉండగా కూడికకొస్తారు. కొందరి బైబిల్‌లో పేజీల అంచులు పచ్చబడి ఉంటాయి. వాళ్లకు ఈ ప్రశ్న బాగా తెలుసు.

అసలు జాగ్రత్త 18వ వచనం దగ్గర. ఐదుగురు భర్తలు. వాళ్లు చనిపోయారో, విడిచిపెట్టారో వాక్యం చెప్పదు. ద్వితీయోపదేశ కాండం 24 చూస్తే విడాకుల పత్రం రాసిచ్చేది మగవాడే. "ఇకమీదట పాపం చేయకు" అని ప్రభువు అన్నది యోహాను 8వ అధ్యాయంలో ఇంకో స్త్రీతో, ఈమెతో కాదు. మనం ఇద్దరినీ కలిపేస్తాం. మీ కూడికలో భర్త వదిలేసిన చెల్లెలు ఉండొచ్చు, రెండో పెళ్లి చేసుకున్న అక్క ఉండొచ్చు. "ఆమె నడత మంచిది కాదు" అని ఒకరు తేల్చేశారా, ఇక ఆ ఇద్దరూ నోరు విప్పరు. గద్దించకుండా "అది ఎన్నో వచనంలో ఉందమ్మా?" అని మాత్రం అడగండి. అందరూ కలిసి వెతకనీయండి.

20వ వచనం గురించి ప్రసంగాల్లో వినే మాట ఒకటుంది: భర్తల సంగతి తప్పించుకోవడానికి ఆమె టాపిక్ మార్చిందని. నేను ఒప్పుకోను. యూదులకూ సమరియులకూ మధ్య ఉన్న పెద్ద తగాదా, ఆరాధన ఈ కొండ మీదా యెరూషలేములోనా అన్నది. ఎదురుగా ఉన్నవాడు ప్రవక్త అని తెలియగానే దాన్నే అడిగింది. తెలివైన మనిషి ఇంకేం అడుగుతుంది? మీరు నాతో ఒప్పుకోవాలని లేదు. "తప్పించుకుందా, తెలుసుకోవాలనుకుందా?" అని కూడికకే వదిలేయండి. రెండు జవాబులూ వస్తే కూడిక బాగా జరిగినట్టే.

తనను తాను తాకే ప్రశ్న చివర్లో, ఒక్కటే. "ఆమె కుండ వదిలేసి పోయింది. మీరైతే పోతారా?" మొదట నవ్వుతారు. స్టీలు బిందె ధర లెక్కేసేవాళ్లుంటారు. నవ్వనీయండి. తర్వాత "నేను వదల్లేని బిందె ఏది?" అని ఎవరికి వాళ్లు మనసులో అనుకోమనండి. పైకి చెప్పమని ఎవరినీ బలవంతం చేయొద్దు. ఇంట్లో కొడుతున్నాడనో, అప్పులవాళ్లు తిడుతున్నారనో ఎవరైనా బయటపడితే అక్కడే అందరూ సలహాలు మొదలుపెట్టకుండా చూడండి. కూడిక అయ్యాక పక్కకు తీసుకెళ్లి వినండి, ఆమె ఒప్పుకుంటే సిస్టరమ్మకు చెప్పండి. దెబ్బల సంగతైతే 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు రాసివ్వండి. కూడికలో విన్నది కొళాయి దగ్గరికి పోకూడదు.

ఎక్కువ మాట్లాడే వదిన ప్రతి కూడికలోనూ ఒకరుంటారు. ఆమెకు వాక్యం చదివే పని అప్పగించండి, చాలా వరకు సర్దుకుంటుంది.

టైం గురించి. ఈసారి విభూతి బుధవారంతో తపస్సుకాలం, రంజాన్ ఒకే వారంలో మొదలయ్యాయి. ఇఫ్తార్ వేళకు కడప వీధుల్లో ఆటో దొరకడం కష్టం. శుక్రవారం సిలువ మార్గం అయిన వెంటనే గుడి వరండాలోనే కూర్చుంటే మళ్లీ బయల్దేరే పని ఉండదు. గంటకు మించనీయకండి. పరీక్షల పిల్లలున్న తల్లులకు ఆ గంటే గొప్ప, వాళ్ల టెన్షన్ వాళ్లది.

అభ్యాసం: ఇంట్లో కూర్చుని ఈ వాక్యం మీద ఐదు ప్రశ్నలు రాయండి. పుస్తకం మూసి జవాబు చెప్పగలిగినవి కొట్టేయండి. రెండు మిగిలితే చాలు. నేను రాసుకున్నది ఒకటి ఇస్తున్నాను: నీళ్లు అడిగిన ప్రభువు చివరికి తాగారా? వెతకండి.

మార్చి 15 నాటి సువిశేషం యోహాను 9, పుట్టుగుడ్డివాడికి చూపు రావడం. నాలుగో పాఠం ప్రార్థన మెట్టు గురించి. దానికి ముందు ఆ 9వ అధ్యాయంలో 18 నుంచి 23 వరకు వచనాలు చదివి రండి. అక్కడ ఆ అబ్బాయి తల్లిదండ్రులను పిలిచి నిలదీస్తారు. ఆ తల్లిని ఏమడగాలో ఒక ప్రశ్న రాసుకుని తెచ్చుకోండి.