టర్కీ పుంజు పలుకుతోంది కానీ రావడం లేదా? కాల్ సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

అమెరికా అడవుల్లో వసంతకాలం వస్తే టర్కీ కోడి పుంజు గాబుల్ చేస్తుంది, అంటే గొంతెత్తి గళగళ కూస్తుంది, పెట్ట వెతుక్కుంటూ దాని దగ్గరికి వెళ్తుంది. వేటగాడు చేసేది దీనికి తలకిందులు: పెట్టలా పలికి పుంజునే తన దగ్గరికి నడిపించాలి. ఈ ఒక్క విషయం మనసులో ఉంటే అడవిలో ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి కారణం దొరుకుతుంది. ముందు పెట్ట గొంతును అనుకరించే పరికరం, అంటే ‘కాల్’ సంగతి.

పాట్ కాల్ కీచుమంటోంది, స్ట్రైకర్ జారుతోంది

పాట్ కాల్ అంటే స్లేట్ లేదా గాజు పలక బిగించిన గుండ్రటి డబ్బా, దాన్ని గీసే పుల్ల స్ట్రైకర్. పలకకు వేళ్ల జిడ్డు అంటి నున్నబడింది. స్లేట్‌ను స్కాచ్‌బ్రైట్ ముక్కతో, గాజును 80 నుంచి 100 నంబరు సాండ్‌పేపర్‌తో ఒకే దిశలో గీరి, స్ట్రైకర్‌ను ఆ గీతలకు అడ్డంగా నడపండి. స్ట్రైకర్ కొన కూడా మెరుగెక్కుతుంది, దాన్నీ రుద్దాలి. ఆ తర్వాత పలకను వేలితో ముట్టుకోవద్దు. స్వరం మందంగా వస్తుంటే పట్టు చూసుకోండి: అరచేతిలో ఆనిస్తే అడుగు రంధ్రాలు మూసుకుపోతాయి. వేళ్ల కొసలతో అంచులు పట్టుకుని, స్ట్రైకర్‌ను పెన్నులా పట్టి, అంచుకు అంగుళం లోపలగా చిన్న అండాకారాలు గీయాలి. కొన పలకను వదలకూడదు. తడిస్తే స్లేట్ పలకదు, వాన రోజుకు గాజు పలకా కార్బన్ స్ట్రైకరూ వెంట ఉంచుకోండి.

బాక్స్ కాల్ మూగబోయింది

ఇది మూతను అంచుకు రాస్తే పలికే చెక్క పెట్టె. మూత అడుగున సుద్ద అరిగిపోయింది, లేదా నూనె, మైనం కలిసిన సుద్ద వాడటంతో చెక్క జిగురుబారింది. స్కాచ్‌బ్రైట్‌తో మెల్లగా తుడిచి, బాక్స్ కాల్స్ కోసమే అమ్మే సుద్ద రాయండి. సాండ్‌పేపర్ వద్దు, అంచు వంపు మారితే స్వరమే మారిపోతుంది. మూత మీది స్క్రూ జోలికీ పోవద్దు.

డయాఫ్రమ్ కాల్‌లో గాలి తప్ప శబ్దం లేదు

ఇది నోట్లో అంగిలికి ఆనించి ఊదే, సన్నని పొరల కాల్. గాలి పక్కల నుంచి పారిపోతోంది. గుర్రపు నాడా ఆకారపు ఫ్రేమ్ తెరిచిన వైపు పళ్లకేసి ఉండాలి, టేపు అంగిలికి సందు లేకుండా అంటుకోవాలి. టేపు వెడల్పయితే కత్తెరతో కొద్దికొద్దిగా కత్తిరించండి, ఫ్రేమ్ దాకా పోవద్దు. ఊదడం పెదవులతో కాదు, అద్దం మీద ఆవిరి ఊదినట్టు గొంతు లోపలి నుంచి. దవడ దించుతూ ‘చాప్’ అనండి, యెల్ప్‌కు (పెట్ట మామూలు పిలుపు) ఉండాల్సిన రెండు స్వరాలూ వస్తాయి. పొరలు అతుక్కుపోకుండా కడిగి, మధ్యలో చదును టూత్‌పిక్ పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.

స్వరం బాగుంది, పక్షి బెదిరి పారిపోతోంది

ఇది లయ తప్పు. యెల్ప్ ముందు సన్నగా, వెంటనే బొంగురుగా విరగాలి. అలాంటివి ఐదారు ఒకే తాళంలో పడాలి. అసలు పెట్టల్లోనే చెడ్డ గొంతులు ఎన్నో ఉంటాయి, లయ మాత్రం తప్పవు. ఇక క్లక్‌ను (పెట్ట పొట్టి ‘టక్’ పలుకు) గట్టిగా, వెంటవెంటనే కొడితే అది పట్ అవుతుంది. పట్ అంటే టర్కీల భాషలో ప్రమాద హెచ్చరిక. క్లక్ మెత్తగా, ఎడం ఇస్తూ పలికించి, వెనకే ఒక పర్ (మెత్తని గురగుర) కలపండి.

చెట్టు మీద పలికింది, దిగాక నోరు మూసింది

తెల్లవారకముందు ఎక్కువ పిలిస్తే పెట్టే కిందికి వస్తుందని అది కొమ్మ మీదే ఎదురుచూస్తుంది. మూడు నాలుగు మెత్తని యెల్ప్‌లు చాలు, రెక్కల చప్పుడు వినేదాకా ఊరుకోండి. దిగాక మౌనంగా ఉంటే దాని చుట్టూ పెట్టలున్నాయన్నమాట. పెత్తనం చేసే పెట్ట ఎలా పలికితే అలాగే, దాని మాటకు అడ్డం పడుతూ పలకండి. అది కొట్లాటకు వస్తే వెనకే పుంజు వస్తుంది. లేదా పదింటి తర్వాత అదే చోటికి తిరిగి రండి, పెట్టలు గుడ్లు పెట్టడానికి వెళ్లాక పుంజు ఒంటరి. కొన్ని రాష్ట్రాల్లో వేట మధ్యాహ్నానికే ముగించాలి, నియమం చూసుకోండి.

డెబ్బై గజాల్లో పురి విప్పి నిలబడింది, అడుగు కదలదు

అందరినీ ఓడించే చిక్కు ఇదే. షాట్‌గన్‌కు 40 గజాల లోపు రావాలి, అది మాత్రం పెట్ట రావాలని పట్టుబడుతుంది. మొదట మధ్యలో వాగో, కంచో, దట్టమైన పొదో ఉందేమో చూడండి. ఉంటే ఎంత పిలిచినా దాటకపోవచ్చు. అడ్డంకి లేకపోతే తప్పు కూర్చున్న చోటుది: శబ్దం వచ్చిన చోటు దానికి దూరం నుంచే కనిపిస్తోంది, పెట్ట మాత్రం కనిపించడం లేదు. మలుపు వెనకో, చిన్న మిట్ట వెనకో కూర్చోండి, మిమ్మల్ని చూడగలిగే సమయానికి అది గురిలో ఉండాలి.

ఇప్పటికే ఆగిపోతే గట్టిగా పిలవడం పొరపాటు. ప్రతి జవాబూ దాని పట్టుదల పెంచుతుంది. కాల్ పక్కన పెట్టి, చేత్తో ఎండుటాకులు గీరండి: ఒకటి, కాస్త ఆగి రెండు, మళ్లీ మౌనం. మేస్తున్న పెట్ట చప్పుడు అది. అరగంట కదలొద్దు. చాలా పుంజులు గాబుల్ మానేసి చడీచప్పుడు లేకుండా వస్తాయి, ఓపిక నశించి లేచినవాడికి కనిపించేది పారిపోయే తోకే. జంటగా వెళ్తే పిలిచేవాడు తుపాకీ ఉన్నవాడికి 40 గజాలు వెనక కూర్చోవాలి. పుంజు పిలుపుకు దూరంగా ఆగినా గురిలోనే ఆగుతుంది.

పిలుపుకు పుంజు బదులు మరో వేటగాడు వచ్చాడు

అతను మిమ్మల్నే టర్కీ అనుకుని కాల్చవచ్చు. చేయి ఊపొద్దు, టర్కీ కాల్ వాడొద్దు. కదలకుండా నోటితో గట్టిగా ‘ఇక్కడ మనిషున్నాడు’ అని ఇంగ్లిష్‌లో అరవండి. భుజాల కంటే వెడల్పైన చెట్టుకు వీపు ఆనించి కూర్చోవాలి. పుంజు తలలో కనిపించే ఎరుపు, తెలుపు, నీలం రంగులు ఒంటి మీద ఉండకూడదు. పబ్లిక్ భూముల్లో గాబుల్ అనుకరించడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.