కోడింగ్ మీ పిల్లలకు నప్పుతుందా? మూడో పాఠం: తప్పు బయటపడిన ఆ రెండు నిమిషాలు

పోయిన పాఠంలో పిల్లలతో పులి-మేక ఆడమన్నాను. మూడు పులులు, పదిహేను మేకలు. ఎత్తు వేసేముందు పిల్లలు పైకి ఏమన్నారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను. రాసుకున్నవాళ్లు ఆ పేజీ తీసి పక్కన పెట్టుకోండి, చివర్లో పని ఉంది. ఇంకా ఆడనివాళ్లు కూడా ఈ పాఠం చదవచ్చు.

ఈ వారం చూడబోయేది ఒక్కటే. తాను చేసింది తప్పని తెలిసిన క్షణం నుంచి ఒక రెండు నిమిషాలపాటు మీ బిడ్డ ఏం చేస్తుంది? నా దృష్టిలో ఈ మొత్తం ధారావాహికలో ముఖ్యమైన పాఠం ఇదే.

ఎందుకో చెప్తాను. అమీర్‌పేటలో పదకొండేళ్లు ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పాను. డిగ్రీ అయిపోయి, ఊళ్లనుంచి వచ్చి, హాస్టల్లో ఉండి నేర్చుకునే పిల్లలు. లెక్కల్లో తొంభై దాటిన మార్కులున్నవాళ్లు చాలామంది ఉండేవారు. ప్రోగ్రాంలో తప్పుందని చెప్పే ఎర్ర అక్షరాలు స్క్రీన్ మీద కనిపించగానే కొందరు కీబోర్డ్ మీదనుంచి చెయ్యి తీసేసి "మేడమ్, వస్తలేదు" అనేవారు. ఇంకొందరు "మేడమ్, పన్నెండో లైన్ దాకా వస్తుంది, ఆ తర్వాత ఆగుతుంది" అనేవారు. రెండో మాట అన్నవాళ్లలో మార్కులు తక్కువున్నవాళ్లూ ఉన్నారు, ఇంగ్లిష్ అంతగా రానివాళ్లూ ఉన్నారు. కానీ ఆరు నెలలు తిరిగేసరికి ఎక్కువగా వాళ్లే నిలబడేవారు. ప్రోగ్రాం రాసేవాడి రోజులో చాలా భాగం కొత్తది రాయడంలో గడవదు, రాసినదాంట్లో ఏది ఎక్కడ తప్పిందో వెతకడంలో గడుస్తుంది. ఆ వెతుకులాట ఇష్టంగా ఉన్న మనిషికి ఈ పని హాయి. అది భరించలేని మనిషికి ఎంత జీతం ఇచ్చినా రోజూ టెన్షనే.

"వస్తలేదు" అనే మాటకీ "ఇక్కడిదాకా వస్తుంది" అనే మాటకీ మధ్య తేడాను పదేళ్ల పిల్లల్లో కూడా వినొచ్చు. దానికి కంప్యూటర్ అక్కర్లేదు.

మొదటి అభ్యాసానికి చుక్కల ముగ్గు కావాలి. మీరు ఒక కాగితం మీద అడ్డంగా ఏడు చుక్కలు పెట్టండి. వాటి పైన, సందుల్లో ఆరు. ఆపైన ఐదు, ఆపైన నాలుగు, అక్కడ ఆపేయండి. కింద కూడా అలాగే ఆరు, ఐదు, నాలుగు. ఆ కాగితం బిడ్డకు ఇవ్వండి. ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉంటే ఇంకో తెల్లకాగితం, పెన్సిలు ఆవిడ చేతికి ఇచ్చి ఎదురుగా కూర్చోబెట్టండి, లేకపోతే మీరే కూర్చోండి. బిడ్డ మాటలతో చెప్పాలి, పెద్దావిడ విన్నది విన్నట్టు పెట్టాలి. ఒకరి కాగితం ఇంకొకరు చూడకూడదు, పెద్దావిడ ప్రశ్నలు అడగకూడదు. ముగ్గులు వేసి వేసి అలవాటైన చెయ్యి కాబట్టి బిడ్డ చెప్పకపోయినా సరిచేసి పెట్టేస్తుంది. అలా చెయ్యొద్దని ముందే చెప్పండి.

మా కింది ఫ్లాట్‌లో ఐదో తరగతి అమ్మాయి, వాళ్ల నానమ్మ ఇది చేస్తుంటే పక్కన కూర్చున్నాను. "ఏడు చుక్కలు పెట్టు నానమ్మా. పైనా కిందా ఒక్కొక్కటి తగ్గించుకుంటూ పో" అంది పిల్ల. నానమ్మ సరి చుక్కలు పెట్టింది, అంటే ఒకదాని మీద ఒకటి నిలువుగా. అలా ఒకటి వచ్చేదాకా తగ్గిస్తూ పోయింది. కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే పోలికే లేదు.

"అట్ల కాదు నానమ్మా!" అని మొదట కోపమొచ్చింది పిల్లకి. అది మామూలే, ఆ కోపాన్ని లెక్కలోకి తీసుకోకండి. తర్వాత ఏం చేసిందో చూడండి. రెండు కాగితాలూ దగ్గరికి లాక్కుంది. వేలితో మధ్య వరస లెక్కపెట్టి "ఏడు కరెక్టే" అంది. పై వరసకు పోయి "ఓ, సందుల్లో అని నేను చెప్పలే" అంది. మళ్లీ చెప్పింది. ఈసారి చుక్కలు సందుల్లో పడ్డాయి కానీ నానమ్మ మళ్లీ ఒకటి దాకా పోయింది. పిల్ల కాసేపు ఊరుకుని, "నాలుగు దగ్గర ఆపు అనలే కదా" అని తనకు తానే చెప్పుకుంది. మూడోసారి కుదిరింది. ఎవరూ అడగకుండానే రెండు కాగితాల్లోనూ చుక్కలు లెక్కపెట్టి ముప్పై ఏడు, ముప్పై ఏడు అని సరిచూసుకుంది.

ఆ పిల్ల తనకు తెలియకుండానే ఒక లూప్ రాసింది, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే సూచన. ఎక్కడ మొదలుపెట్టాలి, ప్రతిసారీ ఏం మారాలి, ఎక్కడ ఆగాలి. మన ముగ్గుల పుస్తకాల్లో "7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు" అని రాసి ఉంటుంది చూడండి, అందులో ఈ మూడూ ఉన్నాయి. కానీ నేను నోట్‌బుక్‌లో రాసుకున్నది లూప్ గురించి కాదు. "ఏడు కరెక్టే" అన్న మాట రాసుకున్నాను. బాగున్న భాగాన్ని ముందు పక్కన పెట్టి, మిగిలినదాంట్లో తప్పు వెతికింది. "నానమ్మకు రాదు" అనలేదు, "నేను చెప్పలే" అంది.

ఆరేడేళ్ల పిల్లలైతే మూడు చుక్కలతో మొదలుపెట్టండి, చాలు.

రెండో అభ్యాసం కాస్త పెద్ద పిల్లలకు, తొమ్మిది దాటినవాళ్లకు. మన హైదరాబాద్ మెట్రో మ్యాప్ చేతికిచ్చి మియాపూర్ నుంచి నాగోల్‌కు దారి చెప్పమనండి. ఎరుపు లైన్‌లో అమీర్‌పేట దాకా వచ్చి నీలం లైన్ ఎక్కాలని తొందరగానే చెప్పేస్తారు. అప్పుడు మీరు, "ఇవాళ అమీర్‌పేటలో రైలు మారడానికి వీల్లేదు" అనండి. ఇంకేం మాట్లాడకండి. ఎరుపులోనే కూర్చుని ఎం.జి.బి.ఎస్. దాకా పోయి, ఆకుపచ్చ లైన్‌లో జె.బి.ఎస్. చేరి, పక్కనే ఉన్న పరేడ్ గ్రౌండ్‌లో నీలం ఎక్కొచ్చు. కొందరు పిల్లలు మొత్తం చెరిపేసి మొదటినుంచి మొదలుపెడతారు. కొందరు అమీర్‌పేట దాకా ఉన్న ముక్కను కదపకుండా మిగతాది మాత్రమే మారుస్తారు. ఆ రెండో రకం ఆలోచన కనిపిస్తే రాసుకోండి.

తర్వాత ఇంకో మెలిక వేయండి. ఎం.జి.బి.ఎస్.లోనూ మారడానికి లేదు. ఇప్పుడు మెట్రోలో దారే లేదు, ఎందుకంటే ఎరుపు లైన్ మిగతా రెండింటినీ కలిసేది ఆ రెండు స్టేషన్లలోనే. "లేదు" అని చెప్పి ఎందుకు లేదో చూపించిన బిడ్డనూ, "మధ్యలో బస్సు ఎక్కొచ్చా?" అని నియమం అడిగిన బిడ్డనూ నేను ఒకేలా మెచ్చుకుంటాను.

ఇక మీ పని. ఈ రెండు నిమిషాలూ మీరు నోరు విప్పకూడదు. ఇది నాకు తెలిసి కూడా నేను తప్పిన విషయం. మా అబ్బాయి ఏడో తరగతిలో చిన్న చిన్న ప్రోగ్రాంలు రాసేవాడు. ఎక్కడైనా ఆగిపోతే నేను వెనకనుంచి వంగి సరిచేసేసేదాన్ని, నా పని తొందరలో. కొన్ని నెలలకు వాడు స్క్రీన్ మీద వచ్చిన మాట చదవడమే మానేశాడు. "అమ్మా, ఆగింది" అని పిలిచేవాడు. వాడికి ఇంట్రెస్ట్ లేదని నేను తీర్మానించేసుకున్నాను. వాడి చేతిలోంచి ఆ వెతుకులాటను లాగేసుకున్నది నేనేనని చాలా ఆలస్యంగా తెలిసింది. మీ ఇంట్లో తప్పు చేస్తే కేకలు పడే అలవాటుంటే బిడ్డ తప్పు కనిపించగానే రబ్బరు తీస్తుంది. అది బిడ్డ స్వభావం కాదు, భయం. ఆ పరిస్థితిలో ఈ అభ్యాసం మీకు ఏమీ చెప్పలేదు. ఒక నెల ఆగి మళ్లీ చేయండి.

ఒక్కరోజు చూసి తేల్చకండి. మూడు వేర్వేరు రోజులు చేయండి, స్కూల్ నుంచి అలసిపోయి వచ్చిన సాయంత్రం వద్దు. నోట్‌బుక్‌లో "తెలివైంది", "మొద్దు" లాంటి మాటలు రాయకండి. బిడ్డ అన్న మాట ఉన్నదున్నట్టు, ఎంతసేపు ప్రయత్నించిందో, ఒకసారికి ఎన్ని మార్చిందో, ఇంతే రాయండి. ఒక్కొక్కటే మార్చి చూసే పిల్లలకు ఏది పనిచేసిందో తెలుస్తుంది. నాలుగూ ఒకేసారి మార్చేవాళ్లకు కుదిరినా ఎందుకు కుదిరిందో తెలియదు.

ఫోన్ చకచకా వాడటం, గేమ్స్‌లో గంటలు గడపడం, వీటిని ఇందులో కలపకండి. అయిదేళ్లకే మొదలుపెట్టకపోతే వెనకబడతారన్న ప్రకటనలు చూసి కంగారుపడకండి. 2020 జాతీయ విద్యావిధానం కూడా కోడింగ్ మాట ఎత్తింది మిడిల్ స్కూల్, అంటే ఆరు నుంచి ఎనిమిది తరగతుల దగ్గరే. అమ్మాయి ఈ లక్షణాలు చూపిస్తే "నీట్‌గా చేస్తుంది" అనీ, అబ్బాయి చూపిస్తే "ఇంజనీర్ బుర్ర" అనీ రాసుకుంటున్నారేమో ఒకసారి వెనక్కి చూసుకోండి.

పిల్లలకు నోట్‌బుక్ ఎందుకని అనిపిస్తే ఈ సంగతి చెప్పండి. 1947 సెప్టెంబరు 9న అమెరికాలోని హార్వర్డ్‌లో మార్క్-2 అనే కంప్యూటర్ మొరాయిస్తే, వెతగ్గా వెతగ్గా లోపల ఇరుక్కున్న ఒక రెక్కల పురుగు దొరికింది. వాళ్లు దాన్ని పారేయలేదు. ఆ రోజు రికార్డు పుస్తకంలో టేపుతో అంటించి పక్కన వివరం రాశారు. తప్పును బగ్, అంటే పురుగు, అనడం అంతకుముందే ఉంది కానీ, నిజం పురుగు దొరికింది అప్పుడే.

ఇప్పుడు పులి-మేక పేజీ తీయండి. మేక పోయినప్పుడు బిడ్డ ఏమందో చూడండి. "నువ్వు తొండి చేశావ్" అందా, "అక్కడ పెట్టకుండా ఉండాల్సింది" అందా? ఆ మాట కింద గీత గీసి, దాని కిందే ముగ్గు రోజుదీ మెట్రో రోజుదీ రాయండి.

నాలుగో పాఠంలో కంప్యూటర్ ముందు కూర్చుంటాం. పిల్లలు ప్రోగ్రాంలు రాయడం నేర్చుకునే స్క్రాచ్ ఉచితంగా దొరుకుతుంది, ముందే పెట్టించుకోండి. కానీ ఆ మూడు రోజుల మాటలు రాసుకోకుండా దాన్ని బిడ్డకు చూపించకండి.