అర్థం తెలిసినా సొంతవాక్యం ఎందుకు కుదరదు?

గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రం పూట పిల్లలకు తెలుగు చెబుతాను. అర్థాలు గడగడా అప్పజెప్పేవాళ్లు కూడా 'సొంతవాక్యం రాయండి' అనగానే టెన్షన్ పడిపోతారు. నాకు ఎక్కువగా కనిపించే తప్పులు ఇవీ.

సమస్య: అర్థం సరిగ్గానే ఉంది, వాక్యం ఎబ్బెట్టుగా ఉంది.

మొన్న ఏడో తరగతి పాప 'అవసానం' పదానికి ఇలా రాసింది: "మా ఇల్లు నాలుగో లైను అవసానంలో ఉంది." నోట్సులో అర్థం 'చివర' అనే ఉంది మరి. పాపను తప్పుపట్టలేం, ఒక్క ముక్కలో అర్థం రాయించడమే అసలు కారణం. వీధికి చివర ఉంటుంది కానీ అవసానం ఉండదు. ఆయుష్షో, ఒక కాలమో ముగింపుకొస్తే ఆ మాట వాడతాం.

పరిష్కారం: అర్థం పక్కన 'దేనికి వాడతారు' అని ఇంకో గడి గీయించండి. పాప అందులో 'ప్రాణం, కాలం' అని రాసుకుంది. కాసేపు పెన్సిల్ కొరుకుతూ కూర్చుని, "తాతయ్య అవసాన దశలో కూడా పేపరు చదవడం మానలేదు" అని తిరగరాసింది. నేను చెప్పింది గడి గురించే, వాక్యం పూర్తిగా తనదే. ఆ రోజు నాకెంత సంతోషమేసిందో!

సమస్య: "మా అత్త చాలా ఔదార్యం."

కారణం: ఔదార్యం గుణం పేరు. అత్తకు ఔదార్యం ఉంటుంది, అత్తే ఔదార్యం కాదు.

పరిష్కారం: పదాన్ని దాని క్రియతో జతగా నేర్పండి. ఔదార్యం చూపుతారు, నింద మోపుతారు, శపథం చేస్తారు, జాగ్రత్త వహిస్తారు. నేనైతే అర్థం కన్నా ముందు ఈ జతే చెబుతాను.

సమస్య: "నాకు ఔదార్యం అంటే ఇష్టం." వ్యాకరణం బాగానే ఉంది, కానీ పదం అర్థమైందో లేదో తెలియదు.

పరిష్కారం: పదాన్ని వేలితో మూసి పక్కవాళ్లకు చూపించమనండి. అక్కడ 'క్రికెట్' అన్నా సరిపోతే వాక్యం మార్చాల్సిందే. ఇది చూడండి: "2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, ముక్కూమొహం తెలియనివాళ్లకు అన్నం పొట్లాలు పంచి ఎందరో ఔదార్యం చూపారు." ఇందులో క్రికెట్ ఇమడదు.

సమస్య: "మాస్టారు ప్రశ్న అడగ్గానే జవాబు తెలిసినవాళ్లమంతా చేతులెత్తేశాం."

కారణం: జాతీయాన్ని విడగొట్టి చదవడం. చేతులెత్తేయడమంటే ఇక మా వల్ల కాదనడం.

పరిష్కారం: ఆ మాట ఎవరి నోట, ఏ సందర్భంలో విన్నారో అడగండి. "డాక్టర్లు చేతులెత్తేశారు" అని ఇంట్లో పెద్దవాళ్లు అనగా వినే ఉంటారు.