ఫిల్టర్ కడిగాక బండి కుదుపుతోందా? సెన్సార్ మార్చే ముందు ఇవి చూడండి

కడిగి, ఆరాక ఎర్రటి ఫిల్టర్ ఆయిల్ పట్టించి మళ్లీ వాడుకునే కాటన్ ఎయిర్ ఫిల్టర్ల గురించి రాస్తున్నాను. దాళ్వా కోతలప్పుడు కోత మిషన్ల వెనకాల తిరిగిన కారు ఫిల్టర్ తీసి చూస్తే మడతల నిండా ఊక నుసే. కడగాల్సిందే. బాధల్లా కడిగి పెట్టాక మొదలవుతుంది.

యాక్సిలరేటర్ తొక్కితే ఈల వేసినట్టు శబ్దం వస్తుందా? ముందు ఫిల్టర్ ఉండే డబ్బా మూత చూడండి. నాలుగు క్లిప్పుల్లో ఒకటి పట్టి ఉండదు, లేదా ఫిల్టర్ అంచు రబ్బరు గాడిలో కూర్చుని ఉండదు. దయచేసి ఈ ఒక్కటీ చూశాకే బండి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఫిల్టర్ దాటాక ఉండే గొట్టం లోపల తెల్ల గుడ్డతో తుడవండి. పొడి దుమ్ము అంటిందంటే గాలి పక్కదారిన ఇంజిన్‌లోకి పోతోంది.

అదే గుడ్డకు ఎర్రటి జిడ్డు అంటితే సంగతి వేరు. ఐడిలింగ్ నిలవదు, పికప్ తగ్గుతుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే పి0101 కోడ్ చూపిస్తుంది, అంటే ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్ లెక్క తేడాగా ఉందని. చాలామంది అక్కడే సెన్సార్ పోయిందని తేల్చేస్తారు. నేనూ ఒకసారి అలాగే తేల్చి కొత్తది వేయించాను. వారం తిరక్కుండా మళ్లీ అదే లైటు.

అసలు కారణం చెమ్మ. మన కోనసీమ గాలిలో, అందులోనూ ముసురు పట్టిన రోజుల్లో, ఫిల్టర్ పైకి ఆరినట్టే ఉంటుంది. మడత అడుగున దూది తడిగానే ఉంటుంది. తడి దూది ఆయిల్ పీల్చదు. ఎరుపు మచ్చలు మచ్చలుగా పడుతుంది, మధ్యలో తెల్లగా మిగులుతుంది. సరిగ్గా పట్టలేదనుకుని ఇంకో కోటు కొడతాం. తర్వాత తడి ఆరిపోతుంది, ఎక్కువైన ఆయిల్ గాలితోపాటు వెళ్లి మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్‌లోని వేడి తీగ మీద పొరకడుతుంది. దాంతో గాలి లెక్క తప్పుతుంది, ఇంధనం లెక్కా తప్పుతుంది.

ఇగ్నిషన్ ఆపి, సెన్సార్ వైరు ప్లగ్గు పీకి, సెన్సార్ బయటికి తీయండి. ఆ సెన్సార్ కోసమే అమ్మే స్ప్రే కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. కార్బురేటర్ క్లీనర్ వద్దు. గుడ్డ, ఇయర్ బడ్ అసలు తగలనివ్వొద్దు, తీగ తెగుతుంది. తర్వాత ఫిల్టర్‌కు పట్టిన ఆయిల్ మొత్తం దాని క్లీనర్‌తో వదలగొట్టి, లోపలి వైపు నుంచి బయటికి సన్నటి ధారతో కడగండి. ఎయిర్ గన్, హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు, దూది చిరుగుతుంది. ఫ్యాను కింద ఒక రాత్రి ఉంచండి. ముసురుంటే రెండు రాత్రులు. మడత విప్పి టిష్యూ కాగితం అద్దితే తడి తెలుస్తుంది. ఆరిందని తేలాకే మడతకొక్క గీత చొప్పున ఆయిల్ వేసి, 20 నిమిషాలు ఆగి, తెల్లగా మిగిలినచోట మాత్రమే కాస్త అద్దండి.

ఆ సెన్సార్ లేని పెట్రోల్ బండ్లు చాలా ఉన్నాయి, వాటిలో ఈ గొడవ ఉండదు. దూది చిరగడం, గొట్టం పగలడం అరుదు. కనిపిస్తే మార్చేయండి, అంతే. డబ్బాలో ఎలుక దూరడం మాత్రం అరుదు కాదు. ధాన్యం బస్తాల పక్కన బండి పెట్టేవాళ్లు మూత తీసినప్పుడల్లా డబ్బా అడుగున చెయ్యి పెట్టి చూడండి.