నెలలతో కొలిచే భద్రత: జీతంపై ఆధారపడిన ఇంటికి కొన్ని అలవాట్లు

ఒక కుటుంబం ఆర్థికంగా ఎంత నిలదొక్కుకుందో చెప్పడానికి మనం సాధారణంగా జీతం అంకెను చూస్తాము. అంతకంటే నమ్మదగిన కొలత మరొకటి ఉంది: వచ్చే నెల నుంచి జీతం ఆగిపోతే, ఎవరినీ అడగకుండా ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది? నెలకు 90,000 రూపాయలు సంపాదించి 80,000 ఖర్చు చేసే ఇంట్లో 80,000 నిల్వ ఉంటే దాని భద్రత ఒక్క నెల మాత్రమే. 35,000 సంపాదనలో 22,000తో ఇల్లు గడుపుకుంటూ 1,10,000 దాచుకున్న ఇంటికి అయిదు నెలలు. అద్దె, కిరాణా, పాలు, కరెంటు, ఫీజులు, వాయిదాలు కలిపి తప్పనిసరి ఖర్చు ఎంతో కాగితం మీద రాసుకుని, వెంటనే చేతికి అందే సొమ్మును ఆ అంకెతో భాగించండి. ఊళ్లో ఉన్న స్థలాన్ని ఇందులో కలపకూడదు, ఎందుకంటే అవసరం వచ్చిన వారంలో అది అమ్ముడుపోదు. నగలను కూడా, తాకట్టు పెట్టడానికి ఇంట్లో అందరూ నిజంగా ఒప్పుకుంటే తప్ప, లెక్కలోకి తీసుకోకపోవడమే మేలు. ఆరు నెలలకు చేరడం లక్ష్యంగా పెట్టుకోవచ్చు. ఉద్యోగానికి హామీ లేనివారికి ఇంకొంత ఎక్కువ కావాలి.

ఈ నిల్వ పెరగాలంటే దాచే సొమ్ము నెలాఖరు దయ మీద ఆధారపడకూడదు. జీతం పడిన మరుసటి రోజే రికరింగ్ డిపాజిట్‌కు కొంత మొత్తం దానంతట అదే వెళ్లిపోయేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. మొదట రెండు వేలే అయినా ఫరవాలేదు, జీతం పెరిగిన ప్రతిసారీ పెరుగుదలలో సగంతో మరో డిపాజిట్ మొదలుపెట్టండి. దీనితోపాటు ఏడాదికి ఒకసారి వచ్చే ఖర్చులను వేరుగా చూడాలి. జూన్‌లో బడి ఫీజు కట్టాలని, జనవరిలో సంక్రాంతికి బట్టలు కొనాలని, పెళ్లిళ్ల ముహూర్తాలు వస్తే చదివింపులు తప్పవని అందరికీ ముందే తెలుసు, అయినా ప్రతి ఏడూ అవి అనుకోకుండా వచ్చిపడినట్లే అప్పుకు పరుగెత్తుతాము. వాటన్నిటినీ కూడి పన్నెండుతో భాగించి, ఆ మొత్తాన్ని నెలనెలా మరో ఖాతాలో వేయడం ఒక్కటే దీనికి పరిష్కారం.

రోజువారీ ఖర్చు సంగతికి వస్తే, ఫోన్‌తో చెల్లించేటప్పుడు నోటు చేయి దాటిన స్పృహ కలగదు. అందువల్ల యూపీఐని జీతం ఖాతాకు కాకుండా వేరే చిన్న ఖాతాకు అనుసంధానించి, ప్రతి సోమవారం ఆ వారానికి సరిపడా సొమ్ము మాత్రమే అందులోకి మార్చుకోవడం మంచి పద్ధతి. రాత్రి రెండు నిమిషాలు ఖర్చు రాసుకోవడం కూడా అలవాటు కావాలి. ఎవరు ఎంత చదివించారో రాసిన ఇరవై ఏళ్ల కిందటి పెళ్లి పుస్తకాన్ని భద్రంగా దాచుకునే మనకు, సొంత ఇంటి ఖర్చు రాసే పుస్తకం లేకపోవడం విచిత్రమే.

అప్పుల విషయంలో మన పెద్దల లెక్క ఇప్పటికీ పదునైనదే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఈ కొలతను ప్రతి అప్పుకూ వర్తింపజేయండి. క్రెడిట్ కార్డు బిల్లులో కనీస మొత్తం మాత్రమే కట్టి వదిలేస్తే, చాలా కార్డులు మిగిలిన దానిపై నెలకు దాదాపు మూడున్నర శాతం వేస్తాయి, అంటే మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి 42 శాతం. ఆ వడ్డీపై జీఎస్టీ అదనం. పైగా బాకీ తీరేదాకా కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా పోతుంది. ఊళ్లో మూడు రూపాయలు అడిగే వడ్డీవ్యాపారిని చూసి గుండె పట్టుకునేవారే కార్డు దగ్గర నిశ్చింతగా ఉంటారు. మరోవైపు పొదుపు ఖాతాలో ఏడాదికి వచ్చే మూడు శాతమో అంతకు తక్కువో మహా అయితే పావలా వడ్డీ. కాబట్టి ఒక నెల ఖర్చుకు సరిపడా ఉంచుకుని, మిగతా సొమ్ముతో ముందుగా అలాంటి బాకీని తీర్చివేయాలి. ఆరు నెలల నిల్వ ఆ తరువాతి పని.

ఇన్ని లెక్కలు తెలిసినవారిని కూడా దెబ్బతీసేది మొహమాటం. తోటి ఉద్యోగి చీటీ పాడుకుని హామీ సంతకం కోరితే కాదనలేకపోవడం దీనికి సరైన ఉదాహరణ. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. బాకీ ఆగితే అప్పిచ్చినవారు ముందు అతడిని వెంటాడాలన్న నియమం లేకుండా నేరుగా మీ దగ్గరకే రావచ్చు. ఆ మొత్తాన్ని మీరే కట్టగలిగితేనే, కట్టడానికి మనసు ఒప్పితేనే సంతకం పెట్టండి. చేబదుళ్లకు ఏడాదికి ఇంత అని ముందే ఒక పరిమితి నిర్ణయించుకుని, తిరిగి రాకపోయినా బాధపడని మేరకే ఇవ్వండి. అప్పటికప్పుడు మాట దొరకనివారు, “ఇంట్లో మాట్లాడి రేపు చెబుతానండీ” అనే ఒక్క వాక్యాన్ని అలవాటు చేసుకుంటే చాలు, ఆలోచించుకోవడానికి ఒక రాత్రి దొరుకుతుంది.

దాచిన సొమ్ము ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. ఒక బ్యాంకులో ఒక డిపాజిటరుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది, అంటే బ్యాంకు దెబ్బతిన్నా అంతవరకు సొమ్ముకు రక్షణ ఉన్నట్లే. చీటీ వేసేముందు అది చిట్స్ రిజిస్ట్రార్ వద్ద నమోదైందో లేదో అడగాలి. సంపాదించే మనిషికి టర్మ్ బీమా, అంటే నిర్ణీత కాలంలో మరణిస్తే కుటుంబానికి సొమ్ము అందే బీమా, తీసుకోవాలి. అంత స్తోమత లేకపోతే, 50 ఏళ్లలోపు వారు బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 436 రూపాయలతో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో చేరి 2 లక్షల రక్షణ పొందవచ్చు. ఆ ప్రీమియం మే నెలాఖరు ప్రాంతంలో ఖాతా నుంచి వెళ్తుంది గనుక అప్పటికి నిల్వ ఉంచండి. అదే రోజు ప్రతి ఖాతాకూ నామినీ పేరు ఉందో లేదో చూసి, ఖాతాలు, పాలసీలు, బాకీల వివరాలున్న కాగితం ఒకటి ఇంట్లో మరొకరికి ఇవ్వండి.