మాజీ ప్రధానిపై క్రిమినల్ కేసు: పీవీ ఉదంతంపై చర్చ నడపడం ఎలా?

పీవీ నరసింహారావు మీద నడిచిన జేఎంఎం (జార్ఖండ్ ముక్తి మోర్చా) ముడుపుల కేసు ప్రస్తావన తెలుగువాళ్ల మధ్య వస్తే, పది నిమిషాలు తిరగకముందే మాట 1991 ఆర్థిక సంస్కరణల వైపో, బాబ్రీ మసీదు వైపో, ఆయన అంత్యక్రియలు ఢిల్లీలో జరగలేదన్న బాధ వైపో మళ్లిపోతుంది. అవన్నీ మాట్లాడుకోదగ్గ సంగతులే గాని, దేశాన్ని ఏలిన మనిషిని పదవి దిగాక బోనులో నిలబెట్టడం సబబా అన్న ప్రశ్నకు వాటిలో జవాబు దొరకదు. కాలేజీలోనో, గ్రంథాలయంలోనో, మిత్రుల సమావేశంలోనో ఈ విషయం మీద ఓ రెండు గంటలు పద్ధతిగా చర్చ జరపాలనుకునేవారు ఈ కింది క్రమాన్ని పాటించవచ్చు.

1. ప్రశ్నను మూడు ముక్కలు చేయండి

"పీవీపై కేసు న్యాయమేనా?" అని బోర్డు మీద రాస్తే ఆ చర్చ అక్కడే చెడుతుంది. అందులో మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి: ఆయనను విచారించే అధికారం కోర్టుకు ఉందా, ఆరోపణ రుజువైందా, అలాంటి విచారణ దేశానికి మేలు చేస్తుందా. మొదటిది రాజ్యాంగానికి, రెండోది సాక్ష్యానికి, మూడోది రాజకీయ విజ్ఞతకు సంబంధించినవి. ఒకరు మొదటిదానికి, ఇంకొకరు మూడోదానికి జవాబు చెబుతూ ఒకరినొకరు ఖండిస్తున్నామనుకోవడమే ఇలాంటి చర్చల్లో తరచుగా కనిపించే జబ్బు. అందుకే మూడింటినీ విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటిగా నడపాలి.

2. తేదీల కాగితం అందరి చేతికీ ఇవ్వండి

ఒక్క పేజీ చాలు. 1993 జులై 28న లోక్‌సభలో అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లు వచ్చాయి. పీవీ మైనారిటీ ప్రభుత్వం 14 ఓట్ల తేడాతో గట్టెక్కింది. జేఎంఎం సభ్యులవి సహా ఆ ఓట్లలో కొన్నింటిని డబ్బిచ్చి కొన్నారన్న ఫిర్యాదుపై, హైకోర్టు జోక్యం తర్వాత, 1996లో సీబీఐ కేసులు నమోదు చేసింది. 2000 సెప్టెంబరు 29న ప్రత్యేక కోర్టు పీవీని, మాజీ కేంద్రమంత్రి బూటా సింగ్‌ను దోషులుగా తేల్చి, అక్టోబరు 12న మూడేళ్ల జైలుశిక్ష విధించింది. 2002 మార్చి 15న ఢిల్లీ హైకోర్టు ఇద్దరినీ నిర్దోషులుగా ప్రకటించింది. పీవీ 2004 డిసెంబరు 23న కన్నుమూశారు.

సగం గొడవ ఈ కాగితంతోనే తగ్గుతుంది. 2000 దగ్గర ఆగిపోయినవారు "దోషి" అంటారు, 2002 దగ్గర మొదలుపెట్టినవారు "అసలు కేసే లేదు" అంటారు. మాట్లాడే ప్రతి ఒక్కరూ తాము ఏ తేదీ నాటి తీర్పు ఆధారంగా మాట్లాడుతున్నారో ముందే చెప్పాలని నియమం పెట్టండి.

3. రక్షణ ఎవరికి ఉంది, ఎవరికి లేదు: ఇక్కడ తొందరపడవద్దు

రాష్ట్రపతికి, గవర్నర్లకు పదవిలో ఉన్నంతకాలం క్రిమినల్ విచారణ నుంచి 361వ అధికరణం రక్షణ ఇస్తుంది. ప్రధానికి అలాంటిదేదీ లేదు. అయితే 105(2) అధికరణం ప్రకారం పార్లమెంటులో సభ్యుడు అన్న మాటకు, వేసిన ఓటుకు సంబంధించి ఏ కోర్టులోనూ చర్య తీసుకోకూడదు. ఈ "సంబంధించి" అన్న ఒక్క మాట చుట్టూ 1998 ఏప్రిల్ 17న సుప్రీంకోర్టు ధర్మాసనం 3–2గా చీలిపోయింది. లంచం తీసుకుని ఓటు వేస్తే ఆ లంచం కూడా ఓటుకు సంబంధించినదే కాబట్టి సభ్యుణ్ని విచారించకూడదని జస్టిస్ భరూచా పక్షం తేల్చింది. డబ్బు పుచ్చుకోవడానికి ఒప్పుకున్న క్షణానే నేరం పూర్తయిందని, తర్వాత ఓటు వేశాడా లేదా అన్నది దానికి అనవసరమని జస్టిస్ అగర్వాల్ పక్షం వాదించింది.

ఫలితం ఏమైందో చర్చకు వచ్చినవారికి నిదానంగా చూపించండి. పుచ్చుకుని ఓటు వేశారన్నవారు బయటపడ్డారు. పుచ్చుకున్నారన్న ఆరోపణ ఉన్నా ఓటింగులో పాల్గొనని సభ్యుడికి మాత్రం రక్షణ దక్కలేదు, అంటే మాట తప్పినవాడే చిక్కుకున్నాడు! ఇచ్చారన్నవారికీ రక్షణ లేదు కాబట్టే పీవీ విచారణను ఎదుర్కోవలసి వచ్చింది. ఈ మెలికను 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా విప్పి, 1998 తీర్పును కొట్టివేసింది. చర్చకు వచ్చినవారిలో ఇద్దరిని ఎంచుకుని, ఒకరిని భరూచా వైపు, మరొకరిని అగర్వాల్ వైపు పది నిమిషాల చొప్పున వాదించమనండి, ఆ తర్వాత పక్షాలు మార్చండి. నా లెక్కలో మొత్తం చర్చకు ప్రాణం ఈ ఇరవై నిమిషాలే.

4. సాక్ష్యాన్ని సాక్ష్యంగానే చూడమనండి

ప్రాసిక్యూషన్ ప్రధానంగా ఆధారపడింది అప్రూవర్‌గా (నేరం ఒప్పుకుని ప్రాసిక్యూషన్ తరఫు సాక్షిగా) మారిన జేఎంఎం ఎంపీ శైలేంద్ర మహతో వాంగ్మూలం మీద. నేరంలో భాగస్వామి ఇచ్చే సాక్ష్యాన్ని చట్టం కాదనదు గాని, దాన్ని బలపరిచే వేరే ఆధారం కోసం కోర్టులు వెతకడం ఆనవాయితీ. బ్యాంకులో డబ్బు జమ అయిందని చూపడం ఒకటి, అది ఎవరి చేతుల మీదుగా, ఎవరి ప్రమేయంతో వచ్చిందో చూపడం మరొకటి. మొదటిదాన్ని కాగితం చెబుతుంది, రెండోదాన్ని ఎవరో ఒక మనిషి చెప్పాలి. ఆ మనిషి మాట నమ్మదగింది కాదని హైకోర్టు భావించడంతో కేసు నిలవలేదు. కనుక "ఏమీ జరగలేదని కోర్టు చెప్పింది" అనేవారిని, "పలుకుబడితో తప్పించుకున్నాడు" అనేవారిని కూడా చర్చకు అధ్యక్షత వహించేవారు ఆపి, ఆ మాటకు ఆధారం అడగాలి. "ఆయనపై నేరం రుజువు కాలేదు" అన్నది మాత్రమే నిలిచే వాక్యం.

5. విజ్ఞత ప్రశ్నను చివరికి ఉంచండి

ఇక్కడ ఒక్క పోలిక చాలు. 1977 అక్టోబరు 3న ఇందిరా గాంధీని అరెస్టు చేశారు. నిర్బంధించడానికి తగిన ఆధారాలు లేవంటూ మరునాడే మేజిస్ట్రేటు విడుదల చేశారు. 1980 జనవరిలో ఆమె మళ్లీ ప్రధాని అయ్యారు. ఆ అరెస్టును నడిపింది ప్రత్యర్థి ప్రభుత్వం. పీవీ కేసు కదిలింది ఒక ఫిర్యాదుతో, కోర్టు జోక్యంతో. ఈ తేడా ఎంత బరువైనదో సభ్యులే తూచాలి.

ఆ తర్వాత ఆఖరి ప్రశ్న వేయండి. పీవీ కాలంలో అవినీతి నిరోధక చట్టం కింద విచారణకు ప్రభుత్వ ముందస్తు అనుమతి పదవిలో ఉన్నవారి విషయంలోనే అవసరమయ్యేది. 2018 సవరణ దాన్ని పదవి దిగినవారికీ వర్తింపజేసింది. అంటే అలాంటి కేసే నేడు వస్తే, మాజీ ప్రధానిని విచారించాలా వద్దా అన్న తొలి నిర్ణయం కోర్టు మెట్లెక్కకముందే ప్రభుత్వం చేతిలో పడుతుంది. అది మాజీ నేతకు కవచమవుతుందా, అధికారంలో ఉన్నవారికి ఆయుధమవుతుందా? ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇచ్చి, ఇంతవరకు నోరు విప్పనివారితో మొదలుపెట్టించండి.