బీమా కోసం పెయింటింగ్‌కి విలువ కట్టించాలంటే

పెయింటింగ్‌కి ఒకే విలువ ఉండదు. ఇవాళ అమ్మితే చేతికొచ్చేది ఒక లెక్క, వారసులు పంచుకునేటప్పుడు కట్టేది ఇంకో లెక్క, కాలిపోతేనో దొంగలు పట్టుకుపోతేనో అలాంటిదే మళ్లీ కొనడానికి అయ్యేది మరో లెక్క. బీమాకి కావాల్సింది ఈ మూడోది. అదే చిత్రకారుడు, అదే కాలంలో, దాదాపు అంతే సైజులో వేసిన బొమ్మను గ్యాలరీలో కొనాలంటే ఎంతవుతుందో అదన్నమాట. సాధారణంగా మూడింట్లోనూ ఇదే ఎక్కువ. అందుకే విలువ కట్టే నిపుణుడితో మాట్లాడగానే ‘బీమా కోసం’ అని చెప్పండి, రిపోర్టులోనూ ఆ మాట రాయించండి. అమ్మకం కోసం ఎప్పుడో రాయించుకున్న కాగితం ఇక్కడ పనికిరాదు.

తక్కువకి బీమా చేస్తే, బొమ్మ పూర్తిగా పోయినప్పుడే నష్టం అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. అసలు విలువలో సగానికే బీమా ఉంటే, చిన్న చిరుగు బాగు చేయించిన ఖర్చులోనూ సగమే ఇచ్చే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. అలాగని పెంచి రాయించుకున్నా మేలు లేదు. ప్రీమియం ఎక్కువ కడతారు, క్లెయిమ్ రోజున కంపెనీ మార్కెట్ ధరే చూస్తుంది. విలువను ముందే ఇద్దరూ ఒప్పుకుని పాలసీలో రాసుకునే పద్ధతి ఉందేమో అడగండి. ఉంటే అదే మంచిది. ఎంత పాత రిపోర్టు వరకు ఒప్పుకుంటారో కూడా అప్పుడే కనుక్కోండి.

నిపుణుణ్ణి ఎంచుకునేటప్పుడు ఫీజు ఎలా తీసుకుంటారో ముందు అడగాలి. గంటకింత లేదా బొమ్మకింత అంటే సరే. విలువలో ఇంత శాతం అంటే వద్దనండి, విలువ పెంచేకొద్దీ ఆయన ఫీజు పెరుగుతుంది కదా. చూడ్డానికి వచ్చి ‘నేనే కొంటాను’ అన్నా అక్కడితో ఆపేయండి. మీకు బొమ్మ అమ్మిన షాపు ఇచ్చిన బిల్లు ఆధారంగా పనికొస్తుంది కానీ అది మదింపు కాదు.

ఆయన వచ్చేలోపు మీరు చేయకూడని పని ఒకటుంది: బొమ్మను తుడవడం. తడి గుడ్డ తగిలితే, పైకి లేచి ఉన్న రంగు పెచ్చులు రాలిపోతాయి. ఇద్దరు పట్టుకుని దించి, మెత్తటి తువ్వాలు మీద నిలబెట్టి గోడకి ఆనించండి. కొలత ఫ్రేము లేకుండా తీయాలి, ముందు ఎత్తు, తర్వాత వెడల్పు. ఫ్రేములోంచి తీయడం కుదరకపోతే ‘కనిపించినంత మేర’ అని రాసుకోండి. వెనకవైపున్న గ్యాలరీ చీటీలు, ముద్రలు, సుద్దతో రాసిన నంబర్లు చించొద్దు, చెరపొద్దు. బొమ్మ ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పేవి చాలాసార్లు అవే. ఎదురుగా ఒక ఫోటో, వెనకది ఒకటి, సంతకం దగ్గర ఒకటి, ప్రతి మచ్చకీ ఒకటి తీయండి. చీకటి గదిలో టార్చి పక్కనుంచి వేసి ఒకటి తీస్తే సొట్టలు, లేచిన రంగు తేటగా పడతాయి.

సంతకాన్ని నిపుణుడు భూతద్దంతో చూస్తాడు. పాత బొమ్మలో రంగు ఎండి సన్నటి పగుళ్లు వచ్చి ఉంటాయి. సంతకం గీత ఆ పగుళ్లతో పాటే విడిపోయి ఉంటే మామూలే. సంతకం రంగు పగుళ్లలోకి దిగి ఉంటే మాత్రం, బొమ్మ పాతబడ్డాక పెట్టిన సంతకమన్నమాట. అతినీలలోహిత దీపం కింద తర్వాత రంగుతో వేసిన అతుకులు నల్లటి మచ్చల్లా కనిపిస్తాయి, పాత వార్నిష్ ఆకుపచ్చగా మెరుస్తుంది. భూతద్దంలో వరసగా చుక్కలు కనిపిస్తే అది ప్రింటు.

రిపోర్టు రాగానే చివరి అంకె ఒక్కటే చూసి దాచేయకండి. చిత్రకారుడి పేరు, మాధ్యమం (ఏ రంగులతో వేసిందీ), దేని మీద వేసిందీ, కొలతలు, ప్రస్తుత స్థితి, విలువ ఏ తేదీకి కట్టారు, ఎందుకు కట్టారు, సంతకం ఉండాలి. ముఖ్యంగా పోలిక చూపిన అమ్మకాలు చూడండి. మీది తైలవర్ణమైతే అదే చిత్రకారుడి నీటిరంగుల బొమ్మతో పోల్చడం సరికాదు. వేలం ధర చూపితే, కొన్నవాళ్లు పైన కట్టిన కమిషన్ కలిపారో లేదో అడగండి. ‘ఫలానావారి శైలిలో’ అన్న మాట ఉంటే అది ఫలానావారు వేసిందని కాదు. విలువ కట్టడం వేరు, అసలుదని తేల్చడం వేరు. రెండోది కావాలంటే విడిగా చేయించాలి.

పాలసీ తీసుకునేటప్పుడు ఇంకొకటి అడగండి: బొమ్మకి దెబ్బ తగిలి బాగు చేయించాక కూడా తగ్గిపోయే విలువకి పరిహారం ఉందా అని. చిరిగిన కాన్వాస్‌ను ఎంత బాగా అతికించినా మునుపటి ధర పలకదు.

రిపోర్టు, ఫోటోల ఒక ప్రతి ఇంటి బయట ఉంచండి. నిప్పంటుకుంటే బొమ్మతో పాటు అవీ కాలిపోతాయి. మూడు నుంచి అయిదేళ్లకోసారి మళ్లీ కట్టించండి. ఈలోగా చిత్రకారుడు చనిపోయినా, ఆయన బొమ్మ ఏదైనా వేలంలో పెద్ద ధరకి పోయినా, మీ బొమ్మకి మరమ్మతు చేయించినా అంతవరకు ఆగకండి.